ఇంటి కంప్యూటరుకు పట్టు తెగుళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము యొక్క పాఠము)



పల్లెటూరి గృహస్థుని ఇంట కంప్యూటరు నేడు వింతవస్తువు కాదు. ఇంజనీరింగు చదువుచున్న కుమారుని కొఱకో, అమెరికాలోని కుమార్తెను తెరమీద చూచి మాటలాడుటకో కొన్న ఆ యంత్రములోనికి, కొన్న ఉద్దేశమే మఱపునకు వచ్చునట్లుగా, ఇంటి సంసారమంతయు మెల్లమెల్లగా చేరినది. పట్టాదారు పాసుపుస్తకము ప్రతి, అడంగలు నకలు, పిల్లల మార్కుల పత్రములు, ఆధారు కార్డులు, పెండ్లి ఫోటోలు, బ్యాంకు వ్యవహారములు అన్నియు అందే యున్నవి. పూర్వమివి భోషాణములో నుండెడివి. భోషాణమునకు తాళమును, తాళముచెవి గృహిణి కొంగునను ఉండెడివి. కంప్యూటరునకు తాళమున్నదో లేదో, ఉన్నచో దాని చెవి ఎందఱి చేతులలో తిరుగుచున్నదో విచారించు ఇండ్లు మాత్రము అరుదు.

పైరు పెట్టువారికి తెగుళ్లను గుఱించి వేఱుగా చెప్పనక్కఱలేదు. అగ్గితెగులు వేఱు, సుడిదోమ వేఱు, నకిలీ విత్తనము వేఱు. నష్టము ఒక్కటే యైనను వైద్యము ఒక్కటి కాదు. కంప్యూటరు విషయమునను అంతే. లోకులు అన్నిటికిని "వైరస్" అని ఒకే పేరు పెట్టుదురు గాని, తెలిసినవారు వానిని విడదీసి చెప్పుదురు.

వైరస్ అనునది ఇచ్చట ప్రాణముగల క్రిమి కాదు. గాలిలో వచ్చునది కాదు, యంత్రముపై పడిన దుమ్మువలన పుట్టునదియు కాదు. అది మనుష్యుడు వ్రాసిన వ్రాత. కంప్యూటరు తనంతట తానేమియు చేయదు. ఎవరో వ్రాసియుంచిన ఆజ్ఞలను వరుసగా చదివి నెరవేర్చును. అట్టి ఆజ్ఞల కట్టను ప్రోగ్రాము అందురు. మంచి ప్రోగ్రాములో దూరి, అది నడచినప్పుడెల్ల తన నకలును మఱియొక ప్రోగ్రామునకు అంటించు దుష్టపు ఆజ్ఞల కట్టయే వైరస్. విత్తనముతోపాటు వచ్చు తెగులువంటిది అది. విత్తనము మొలచినగాని అది మొలవదు. ఇక "వర్మ్" అను దానిని మోయువాడు అక్కఱలేదు. సుడిదోమ ఒక మడినుండి మఱియొక మడికి తానే పోయినట్లు, అది అంతర్జాలము వెంట ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు తానే ప్రాకిపోవును. మూడవది "ట్రోజన్". సంచిమీద మంచి కంపెనీ బొమ్మ, సంచిలో తాలుగింజలు. ఆటయనియో, సినిమాయనియో, ఉచిత సాఫ్ట్‌వేరనియో చెప్పుకొని వచ్చి, గృహస్థుని చేతనే తలుపు తీయించుకొనును. మొదటి రెండింటికంటె దీనికి లొంగని యిల్లు తక్కువ. ఏలన, దీనికి కావలసినది యంత్రములోని లోపము కాదు, ఇంటివాని ఆశ.

వైరస్ అను పేరు పుట్టి నలువదేండ్లు దాటినది. 1983లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను విద్యార్థి ఇట్టి ప్రోగ్రామును వ్రాసి తరగతిలో నడిపి చూపగా, ఆచార్యుడు లియొనార్డ్ ఆడిల్‌మన్ దానికి ఆ నామకరణము చేసెను. 1986లో లాహోరు నగరమున బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అను సోదరులు, తాము వ్రాసిన వైద్య సాఫ్ట్‌వేరును దొంగతనముగా నకలు చేసికొనువారిని అరికట్టుటకని "బ్రెయిన్" అను వైరస్‌ను సృష్టించిరి. వింత యేమనగా, అందు తమ పేర్లును, దుకాణపు చిరునామాను, టెలిఫోను నంబరును కూడ వ్రాసిపెట్టిరి! దొంగకు బుద్ధి చెప్పబోయిన ఆ సోదరుల సృష్టి ఫ్లాపీల వెంట ఖండములు దాటిపోయెను. 1988 నవంబరు 2వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిన వర్మ్, ఆనాడు అంతర్జాలముతో కలుపబడియున్న యంత్రములలో ఇంచుమించు 6,000 యంత్రములను స్తంభింపజేసినదని లెక్క కట్టిరి. అతని తండ్రి అమెరికా ప్రభుత్వమున కంప్యూటరు రక్షణ శాస్త్రవేత్త యగుట విశేషము. కోర్టువారు కుఱ్ఱవానికి మూడేండ్ల ప్రొబేషనును, జరిమానాను, 400 గంటల సమాజసేవను విధించిరి.

ఈ గ్రంథాలయము వయస్సునకు ఇంచుమించు సరిపోవు వయస్సుగల కథ యొకటి కలదు. 2000 సంవత్సరము మే 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమున బయలుదేఱిన ఒక ఈ-మెయిలు దేశదేశముల కార్యాలయములకు చేరినది. శీర్షిక "ఐ లవ్ యూ". పంపినవారు అపరిచితులు కారు. పై అధికారి పేరో, ప్రక్క బల్లవాని పేరో, చిన్ననాటి స్నేహితుని పేరో దానిపై నుండెను. జతపఱచిన ప్రేమలేఖను తెఱచి చదువుమని కోరుచుండెను. తెఱువనివాడెవడు? తెఱచినంతనే అది యంత్రములోని చిరునామాల పుస్తకమును తీసి, అందున్నవారందఱికి ఆ గృహస్థుని పేరనే అట్టి లేఖలను పంపెను. అతడు దాచుకొన్న ఛాయాచిత్రముల ఫైళ్లపై తన వ్రాతను వ్రాసి వానిని నాశనము చేసెను.

ఇందలి కిటుకు గ్రహింపదగినది. ప్రతి ఫైలు పేరునకును చివర ఒక తోక యుండును. ఆ తోకను బట్టి అది వ్రాతయో, చిత్రమో, నడచు ప్రోగ్రామో తెలియును. ప్రేమలేఖ యనబడిన ఆ ఫైలునకు రెండు తోకలుండెను. ముందుది "టీఎక్స్‌టీ", అనగా సాధారణమైన వ్రాత. వెనుకది "వీబీఎస్", అనగా ఆజ్ఞల కట్ట. విండోసు అసలు తోకను దాచి చూపు అలవాటుగలది గావున, చదువరి కంటికి ముందుదే కనబడెను. పాము తోకను గడ్డిలో దాచినట్లయ్యెను. ఆ అలవాటు విండోసును నేటికిని విడువలేదు. ఫైళ్లు చూపు కిటికీలో "వ్యూ" అను చోట "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" అనుదానిని ఎంచినచో తోకలన్నియు బయటపడును. అర నిమిషము పని. కరెంటు బిల్లు అని వచ్చిన ఫైలు చివర "ఈఎక్స్ఈ" అని యున్నచో అది బిల్లు కాదు. చేతి ఫోనులో "ఏపీకే" అను తోకయు అట్టిదే. ఇటీవలి సంవత్సరములలో వాట్సాప్ ద్వారా పెండ్లి శుభలేఖ యను పేర ఏపీకే ఫైళ్లు పంపి, తెఱచినవారి ఫోనులోని సందేశములను చదివి బ్యాంకు ఖాతాలను ఖాళీచేసిన మోసములు మన దేశమున జరిగినవి. ప్రేమలేఖ శుభలేఖయైనది. కిటుకు మాఱలేదు.

ఆ ప్రేమలేఖను సృష్టించినట్లు ఒనెల్ డి గుజ్మన్ అను యువకుడు 2020లో ఒక పాత్రికేయుని యెదుట అంగీకరించెను. ఆనాడు ఫిలిప్పీన్సులో అట్టి పనిని నేరముగా ఎంచు చట్టము లేనందున అతనిని శిక్షింప లేకపోయిరి. మన దేశమున సమాచార సాంకేతిక చట్టము అదే సంవత్సరము అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. దాని 43వ సెక్షను ఒకరి కంప్యూటరులోనికి వారి అనుమతి లేక వైరస్‌ను ప్రవేశపెట్టుటను తప్పుగా ఎంచుచున్నది. మోసబుద్ధితో అట్లు చేసినవానికి 66వ సెక్షను క్రింద మూడేండ్లవఱకు కారాగారము గాని, ఐదులక్షల రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

తొలికాలపు వైరస్‌లను వ్రాసినవారిలో చాలమందికి అల్లరియో, పాండిత్య ప్రదర్శనమో ముఖ్యము. ఇప్పటివారికి ధనము ముఖ్యము. "రాన్‌సమ్‌వేరు" అనునది గృహస్థుని ఫైళ్లనన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి, తాళముచెవి కావలెనన్నచో సొమ్ము చెల్లింపుమని తెరమీద నోటీసు వేయును. పశువులను తోలుకొనిపోయి, విడుదల రుసుము అడుగు దొంగల పద్ధతి ఇది.

2017 మే 12వ తేదీన "వనా‌క్రై" అను రాన్‌సమ్‌వేరు ప్రపంచముపై విరుచుకుపడినది. అది తెగులును దోమయు ఒక్కటిగా పుట్టినట్టిది. ఫైళ్లకు తాళము వేయుటయే గాక, తానే ప్రాకిపోవును. 150 దేశములలో రెండులక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కెను. ఒక్కొక్క యంత్రమునకు 300 డాలర్లు అడిగిరి. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాలలలో 19,000కు పైగా చికిత్సా సమయములు రద్దయ్యెనని తరువాత ఆ దేశపు ఆడిటు శాఖవారు లెక్క తేల్చిరి. మన ఆంధ్రప్రదేశమున పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత బడెను. ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అను యువకుడు ఆ ప్రోగ్రామును పరిశీలించుచు, అది ప్రాకుటకు ముందు ఎవరును రిజిస్టరు చేయని ఒక పొడుగాటి చిరునామాను వెదకుచున్నట్లు కనిపెట్టి, ఆ చిరునామాను తాను కొన్నంతనే వ్యాప్తి ఆగిపోయెను. అట్లు ఆగునని అతనికి ముందుగా తెలియదు.

ఈ ఉపద్రవములో బాధ కలిగించు విషయము వేఱొకటి కలదు. వనా‌క్రై దూరిన కంతను మైక్రోసాఫ్టు సంస్థవారు మార్చి 14వ తేదీననే పూడ్చి, ఆ మరమ్మతును ఉచితముగా అందఱికి అందుబాటులో నుంచిరి. తెగులు వచ్చినది 59 దినముల తరువాత. మందు రెండు నెలలు గడపలోనే యుండెను. సీసా మూత తీసినవారు బ్రదికిరి, తీయనివారు చిక్కిరి. ఆ మూత తీయుటనే "అప్‌డేటు" అందురు. తెరమూలను అప్‌డేటు చేయుమని యంత్రము అడిగిన ప్రతిసారియు "తరువాత" అను మీట నొక్కి నెలలు గడుపు ఇండ్లు ఎన్నియో కలవు. డేటా అయిపోవునని, పని ఆగునని, కరెంటు పోవునని కారణములు చెప్పుదురు. పూర్వము మశూచికి టీకాలు వేయువాడు ఊరిలోనికి వచ్చినాడని వినగానే తల్లులు పిల్లలను గాదెల వెనుక దాచెడివారు. ఆ తల్లుల భయమునకు అజ్ఞానము కారణము, ప్రేమ కారణము. తుదకు ఆ టీకాల వలననే, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమిమీద లేకుండ పోయినదని ప్రకటింప గలిగెను. అప్‌డేటును వాయిదా వేయువానికి ఆ తల్లుల పాటి కారణము కూడ లేదు.

సాఫ్ట్‌వేరునకును ఆయుర్దాయము కలదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టువారు సాధారణపు మరమ్మతులను నిలిపివేసిరి. ఆ తేదీ దాటిన యంత్రము చక్కగానే నడచును. కంతలు పూడ్చువాడు మాత్రము ఉండడు. అట్టి పాత యంత్రమును పిల్లల చదువుకు, లెక్కలకు వాడవచ్చును గాని, దానితో బ్యాంకు పని చేయరాదు. ఇక పట్టణపు దుకాణములలో కొందఱు ఐదువందల రూపాయలకే "అన్నియు వేసి" ఇచ్చు దొంగ విండోసు మాట. తాళము పగులగొట్టు విద్యతో తయారైన ఆ సాఫ్ట్‌వేరులో, పగులగొట్టినవాడు తనకొఱకు ఒక దొడ్డిదారి ఉంచుకొనలేదని ఎవరు హామీ ఇయ్యగలరు? లైసెన్సు కొనలేనివారికి లినక్సు అను ఉచితమైన, న్యాయమైన మార్గము కలదు.

యాంటీవైరస్ కొనవలెనా యని చాలమంది అడుగుదురు. విండోస్ 10, 11 లతో "డిఫెండరు" అనునది దానితోపాటే వచ్చుచున్నది. వేఱు మూల్యము లేదు. సాధారణ గృహమునకు అది చాలును, దానిని ఆపివేయకున్నచో. కొందఱు బలమునకని రెండు మూడు యాంటీవైరస్‌లను ఒకేసారి ఎక్కింతురు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అవి ఒకదానినొకటి శత్రువుగా భావించి పోరాడుచుండ యంత్రము నత్తనడక నడచును. యాంటీవైరస్ చేయు పని ఎఱిగినచో దాని పరిమితియు తెలియును. తెలిసిన దుష్ట ప్రోగ్రాముల గుర్తుల పట్టిక యొకటి దానియొద్ద నుండును. సంతలో జేబుదొంగల ఫోటోలు పట్టుకొని నిలుచున్న పోలీసువానివలె, ప్రతి ఫైలును ఆ పట్టికతో పోల్చి చూచును. పట్టికలో లేని క్రొత్త దొంగను నడవడిని బట్టి అనుమానింపవలసినదే. అందుచేత పట్టిక దినదినము క్రొత్తది కావలెను. అందుచేతనే అది ఎన్నడును నూటికి నూరుపాళ్ల రక్ష కాదు.

పెన్‌డ్రైవును గుఱించి ఒక మాట. గాలికుంటు వ్యాధి పశువుల సంతలో అంటుకొనును. మండల కేంద్రములోని జిరాక్సు దుకాణపు కంప్యూటరు అట్టి సంత. నాలుగూళ్ల పెన్‌డ్రైవులు దినమంతయు అచ్చట మూతులు కలుపుకొనుచుండును. ఇంటికి తెచ్చి పెట్టగానే ఫోల్డర్లు మాయమై, వాని స్థానమున వంపు బాణము గుర్తుగల షార్టుకట్లు కనబడినచో అది తెగులు లక్షణము. అసలు ఫోల్డర్లు చాలవఱకు దాగియే యుండును. కంగారుపడి ఆ షార్టుకట్లను నొక్కినవాడు తెగులును ఇంటిలోనికి దింపుకొనును. నొక్కక ముందు యాంటీవైరస్‌తో శోధింపవలెను. ముద్రింపవలసిన కాగితము ఒక్కటే యైనప్పుడు ఆ ఒక్కటి తప్ప మఱేదియు లేని పెన్‌డ్రైవును దుకాణమునకు పంపుట మంచిది. ఇంటి పత్రములన్నిటితో సంచారము చేయించుట ఎందులకు?

పాస్‌వర్డుల సంగతి అందఱికి తెలిసినదే, ఆచరించువారే తక్కువ. పిల్లవాని పేరును, పుట్టినతేదీని, ఒకటినుండి ఆఱువఱకు అంకెలను విడిచిపెట్టవలెను. చిక్కుగల చిన్న మాటకంటె, సంబంధము లేని నాలుగైదు మాటలు కలిపిన పొడుగాటి మాట గట్టిది. బ్యాంకునకు, ఈ-మెయిలునకు వేఱువేఱు పాస్‌వర్డులుండవలెను. ఏలన, ఈ-మెయిలు చేజిక్కినవానికి తక్కినవాని పాస్‌వర్డులను మార్చుట సులభము. గుర్తుండవని భయపడువారు ఒక నోటుపుస్తకములో వ్రాసి బీరువాలో పెట్టుకొనవచ్చును. ఇది తప్పని కొందఱు పట్టణపు పండితులు వాదింతురు గాని, సముద్రము ఆవల కూర్చున్న దొంగ బీరువాలోని నోటుపుస్తకమును చదువలేడు. వై-ఫై పెట్టెతో కంపెనీవారిచ్చిన "అడ్మిన్" అను పాస్‌వర్డును మాత్రము మొదటి దినముననే మార్పవలెను. 2016లో "మిరాయ్" అను ప్రోగ్రాము అట్టి మార్పని పాస్‌వర్డులు గల కెమెరాలను, వై-ఫై పెట్టెలను వశపఱచుకొని, వానిచేతనే పెద్ద సంస్థలపై దాడి చేయించెను. ఇంటివారికి తమ పెట్టె దొంగల సైన్యములో చేరినదన్న సంగతి కూడ తెలియదు.

ఎన్ని చేసినను ఒకనాటికి తెగులు తగులవచ్చును. యంత్రమే కాలిపోవచ్చును, పిడుగు పడవచ్చును. అందుకు ప్రతులే శరణ్యము. తాటియాకు గ్రంథములు పురుగులకు, అగ్నికి ఆహుతియైనను తెలుగు కావ్యములు ఎన్నో నిలిచినవన్నచో, ఒక్కొక్క కావ్యమునకు పలు ఊళ్లలో పలు ప్రతులుండుటయే కారణము. బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించినది అందులకే. ఇంటి పత్రములకును, ఫోటోలకును అదే న్యాయము. మూడు ప్రతులుండవలెను. వానిలో ఒకటి కంప్యూటరు తో సంబంధము లేని డిస్కులో, ఒకటి వేఱొక ఇంటిలో గాని, ఆన్‌లైను నిల్వలో గాని ఉండవలెను. డిస్కును ఎల్లప్పుడును యంత్రమునకు తగిలించియే ఉంచినచో, రాన్‌సమ్‌వేరు దానికిని తాళము వేయును. ప్రతి తీసికొని విప్పి బీరువాలో పెట్టవలెను.

2017 జూను 27న ఉక్రెయిన్‌లో మొదలైన "నాట్‌పెట్యా" అను తెగులు, ఓడ వ్యాపారమున ప్రపంచప్రసిద్ధి గల మర్స్క్ సంస్థ యంత్రములను పాడుచేసెను. ఆ సంస్థ వ్యవస్థకంతటికి మూలమైన పట్టికలుంచు సర్వర్లు దాదాపు 150 ఉండెను. ఒకదాని ప్రతి మఱియొకటి గనుక నిశ్చింతగా ఉండిరి. కాని అన్నియు ఒకే తంత్రికి కట్టబడియుండుటచే అన్నియు ఒక్కపెట్టున పోయెను. ఒక్కటి మిగిలెను. ఆఫ్రికాలోని ఘనా దేశపు కార్యాలయమున, తెగులు సోకు వేళకు కరెంటు పోయియుండుట వలన, అచ్చటి సర్వరు ఆగియుండెను! దానిలోని ప్రతిని మనుష్యులచేత విమానమున తెప్పించుకొని సంస్థ తేఱుకొనెను. కరెంటు కోత వలన మేలు జరిగిన కథ వినుటకు మన యూళ్లవారికి ముచ్చటగా నుండును గాని, దానిని నమ్ముకొని ప్రతులు తీయకుండుట తగదు. నాట్‌పెట్యాలో మఱియొక కపటము కలదు. అది విడుదల రుసుము అడిగినను, చెల్లించినవారికి ఫైళ్లు తిరిగి వచ్చు మార్గమే దానిలో లేదు.

ఇంతవఱకు యంత్రపు తెగుళ్లు. ఇప్పుడు పల్లెలలో ఎక్కువ ధనమును హరించునది యంత్రముకంటె మాట. "మీ కంప్యూటరునకు వైరస్ సోకినది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు" అని తెర నిండ ఎఱ్ఱని హెచ్చరిక వచ్చి, గంట మ్రోగును. మైక్రోసాఫ్టువారి నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. ఫోను చేసినచో ఆవలివాడు మర్యాదగా మాటలాడి, దూరమునుండి కంప్యూటరును నడపగల సాఫ్ట్‌వేరును ఎక్కింపుమనును. ఎక్కించినవాడు ఇంటి తాళములు దొంగకు అప్పగించి ప్రక్కన కూర్చుండి చూచుచున్నట్లే. అట్టి హెచ్చరిక కనబడినప్పుడు ఆ కిటికీని మూసివేయవలెను. మూతబడనిచో యంత్రమును ఆర్పివేసినను నష్టము లేదు.

బ్యాంకు పేరుతో వచ్చు లింకులను చదువు విద్యయు చిన్నదే. ఉత్తరముపై చిరునామాలో మనిషి పేరు ముందును, ఊరి పేరు చివరను ఉండును. ఉత్తరము పోవునది చివరనున్న ఊరికే. లింకులోను అంతే. మొదటి అడ్డగీతకు ముందు చివర నున్న పేరే అసలు స్థలము. ముందు భాగమున ఏ బ్యాంకు పేరైనను ఎవడైనను వ్రాసికొనవచ్చును. తాళము బొమ్మ కనబడినంతమాత్రమున ఆ స్థలము మంచిది కాదు. దారిలో ఎవరును ఉత్తరమును విప్పి చదువలేరని మాత్రమే దాని అర్థము. చేరినచోట దొంగయే యుండవచ్చును. ఈ చిక్కును తొలగించుటకే రిజర్వు బ్యాంకువారు 2025లో, బ్యాంకులన్నియు తమ చిరునామాలను "బ్యాంక్.ఇన్" అను ముగింపునకు మార్చుకొనవలెనని ఆదేశించి, అక్టోబరు 31ని గడువుగా పెట్టిరి.

"డిజిటల్ అరెస్టు" అనునది మఱింత క్రూరమైనది. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనబడి, మీ పేర మాదకద్రవ్యముల పార్సెలు దొరకినదనును. కెమెరా యెదుటనుండి కదలరాదనును, ఇంటివారితో చెప్పరాదనును, సొమ్మును తనిఖీకి పంపుమనును. భారతదేశపు చట్టములలో వీడియో ద్వారా అరెస్టు అనునది లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ మాట స్పష్టముగా చెప్పిరి. ఇంటివారితో చెప్పరాదని ఆజ్ఞాపించువాడు ఎవడైనను దొంగయే యని ఆ క్షణముననే నిశ్చయింపవచ్చును.

ఈ ఫోనులు చేయువారందఱు పుట్టుదొంగలు కారన్నది కూడ తెలిసికొనదగిన సంగతి. 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసువారు వెలికితీసిన వ్యవహారమున, కాంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి ఏజెంట్లు పంపిన తెలుగు యువకులు, అచ్చట బంధింపబడి, భారతీయులనే ఫోనులో మోసగించు పనికి నియోగింపబడినట్లు తేలినది. చదువుకొన్న కుమారుని విదేశమునకు పంపుటకు తండ్రి అప్పుచేసిన సొమ్ము ఒక ప్రక్క, ఆ కుమారునిచేత మాటలాడించి మఱియొక తండ్రి నుండి లాగుకొన్న సొమ్ము ఇంకొక ప్రక్క. ఈ ఊరివారికి రెండు వైపుల నుండియు ప్రమాదము కలదు. స్వదేశమున నుండియు ఇందులో చిక్కుకొనువారు కలరు. కమీషను ఆశ చూపి పేదవాని బ్యాంకు ఖాతాను, ఏటీఎమ్ కార్డును అద్దెకు తీసికొందురు. దొంగసొమ్ము ఆ ఖాతా గుండ పోవును. పోలీసులు మొదట వచ్చునది ఆ పేదవాని గుమ్మమునకే.

ఓటీపీని ఎవరికిని చెప్పరాదనియు, సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను అక్కఱలేదనియు అందఱు వినియే యున్నారు. వినియు మోసపోవుచున్నారు. ఏలన, దొంగ తెలివిని పరీక్షింపడు. తొందరను, భయమును పుట్టించి తెలివి పనిచేయు సమయమును కాజేయును. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు సైతము చిక్కుచున్నారు.

చిక్కినపిమ్మట జరుగునది మఱింత విచారకరము. ఇంటిలో దొంగ పడినచో గృహస్థుడు "దొంగ దొంగ" యని అఱచును, ఊరంతయు కఱ్ఱలతో పరుగెత్తును. కంప్యూటరులో దొంగ పడినప్పుడు అతడు తలుపు మూసికొని మౌనముగా కూర్చుండును. కుమారులకు తెలిసిన నవ్వుదురని, కోడండ్లు చులకన చేయుదురని, ధాన్యము అమ్మిన సొమ్మును చేజేతుల పోగొట్టినాడని ఊరు అనునని సిగ్గు. ఆ మౌనమే దొంగకు కావలసినది. పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొక ఖాతాకు నిమిషములలో పారిపోవును. 1930 అను నంబరుకు వెంటనే ఫోను చేసినచో, ఫిర్యాదు బ్యాంకులకు అందును. సొమ్ము ఇంకను ఏ ఖాతాలో నిలిచియున్నదో అచ్చట దానిని కదలకుండ పట్టి ఉంచుటకు వీలగును. మఱునాడు ఫోను చేసినచో పట్టుటకు మిగిలియుండునది తక్కువ. "సైబర్‌క్రైమ్.గవ్.ఇన్" అను ప్రభుత్వ వెబ్‌సైటులోను ఫిర్యాదు వ్రాయవచ్చును. తమ బ్యాంకునకు కూడ వెనువెంటనే తెలుపవలెను. రిజర్వు బ్యాంకువారు 2017 జూలై 6వ తేదీన జారీచేసిన ఉత్తర్వులో, ఖాతాదారుని తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేక సొమ్ము పోయినప్పుడు మూడు పని దినములలో తెలిపినవానికి బాధ్యత లేదనియు, ఓటీపీ చెప్పుట వంటి అజాగ్రత్త యున్నప్పుడు సైతము, బ్యాంకునకు తెలిపిన తరువాత జరుగు నష్టము బ్యాంకుదే యనియు విధించిరి. కావున తప్పు తనదే యైనను తెలుపుటలో లాభమే యున్నది.

ఫోను చేయుటకు ముందు సొమ్ము పోయిన తేదీ, గంట, మొత్తము, తన ఖాతా గల బ్యాంకు, లావాదేవీ సందేశములోని రిఫరెన్సు సంఖ్య దగ్గఱ నుంచుకొనవలెను. దొంగ పంపిన సందేశములను కోపముతో చెఱిపివేయరాదు. అవే సాక్ష్యములు. చదువురాని వృద్ధుడు ఎవరైన ఈ గ్రంథాలయమునకు వచ్చి ఫిర్యాదు వ్రాసిపెట్టుమని అడిగినచో, ఇచ్చటి యువకులు ఎట్లు మోసపోతివి తాతా యని కథ అడుగుచు కూర్చుండక, మొదట 1930కి ఫోను కలిపి అతని చేతికి ఇయ్యవలెను.